బొడ్డుకూ మోకాలికీ మధ్య

పత్రికలో కొత్తగా చేరుతున్న పిల్లలు నన్ను కలిసినప్పుడు మొదట పెద్ద వార్తల గురించే అడుగుతారు. ఏ కుంభకోణం బయటపెట్టారు, ఏ నాయకుణ్ని నిలదీశారు అని. అలాంటివి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. చెప్పిన ప్రతిసారీ ఆ వార్తలు కాస్త లావవుతాయి కూడా. నాకు ఈ పని నేర్పినవి అవి కావు. ఒక కుర్చీ, ఒక నీళ్ల టబ్బు, ఫోన్లోనే విని రాసేసిన పది వాక్యాల వార్త. వాటి గురించే రాస్తున్నాను. చదివేటప్పుడు కొంత ఇబ్బందిగా ఉండొచ్చు. రాసేటప్పుడు నాకూ ఉంది.

మా పత్రికలో మనిషి శరీరం

జిల్లాలు చిన్నవయ్యాక గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడింటికీ కలిపి మా పత్రిక వనపర్తిలో ఒక చిన్న డెస్కు పెట్టింది. ఎరువుల దుకాణం పై అంతస్తు. నాగర్‌కర్నూల్‌లో ఇరవై ఏళ్లకు పైగా విలేకరిగా తిరిగిన నన్ను అక్కడికి సబ్ ఎడిటర్‌గా పంపారు. మేం ఐదుగురం, మా మీద ఇన్‌ఛార్జి రామచంద్రం సారు.

ఆయనంత శ్రద్ధగా పేజీ చూసే మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆయనకొక నియమం ఉండేది. "మన పేపరు ఇంటిల్లిపాది పొద్దుగాల చాయ తాగుకుంట చదువుతరు. బొడ్డు కింది ముచ్చట్లు మనకొద్దు" అనేవారు. ఆ నియమం వల్ల మా పత్రికలో మనిషికి తల ఉండేది, గుండె ఉండేది, కడుపు ఉండేది. బొడ్డు దగ్గర శరీరం ఆగిపోయి మళ్లీ మోకాళ్ల దగ్గర మొదలయ్యేది. ఎద్దు కుమ్మి తొడ విరిగిన రైతుకు 'కాలి పైభాగంలో గాయం' అయింది. ఒకాయన కిడ్నీలో రాళ్లు బయటికి వచ్చాయని రాశాం. ఎటు నుంచి వచ్చాయో పాఠకుల ఊహకు వదిలేశాం.

మేమెవరం ఎదురు చెప్పలేదు. చాటున నవ్వుకునేవాళ్లం, సారు ముందు పాటించేవాళ్లం. పద్ధతి ఎంత వింతదైనా రెండు నెలలు పాటిస్తే చాలు, మర్యాదలా కనిపించడం మొదలవుతుంది. కొత్తగా చేరేవాళ్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే నాకు చాలు.

నిలబడి దిద్దడం

నేను చేరిన కొత్తలో సారు అందరిలాగే కూర్చుని పని చేసేవారు. రెండు మూడేళ్లకు, ఒక ఎండాకాలం తర్వాత కుర్చీ మానేశారు. బల్ల కాళ్ల కింద ఇటుకలు పెట్టించి, నిలబడి పేజీలు దిద్దడం మొదలుపెట్టారు. ఖాళీగా ఉన్న కుర్చీలోకి ముందు నిఘంటువు వచ్చింది, తర్వాత పాత పేపర్ల కట్టలు వచ్చాయి, చివరికి ఎవరిదో హెల్మెట్ వచ్చింది.

మా అందరిలోకీ చిన్నది భవాని. ఒకరోజు నన్నడిగింది: "యాదన్నా, సారు ఎందుకు కూసుంటలేడు?"

నాకు తెలియదు. విలేకరికి తెలియదని చెప్పే అలవాటు లేదు. "కూసుంటే తప్పులు దొరకవమ్మా. నిలబడితే నజర్ మంచిగుంటది. అది పని మీద భక్తి" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నేనూ నమ్మాను. వారం తిరిగేసరికి భవాని నిలబడి పని చేయడం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి ఇంకో ఇద్దరు. కూర్చున్నవాడు బద్ధకస్తుడిలా కనిపించే పరిస్థితి రావడంతో, నడుం నొప్పి ఉన్న నేను కూడా సారు చూసే వేళకు లేచేవాణ్ని. ప్రకటన ఇవ్వడానికి వచ్చిన ఒక కౌన్సిలర్ మమ్మల్ని చూసి, పాపం వీళ్లకు కుర్చీలు లేవనుకుని, ఆరు ప్లాస్టిక్ కుర్చీలు పంపాడు. సారు వాటిని లంచమని తిప్పి పంపారు. ఆరుగురం నిలబడి, ఆటోలో పోతున్న ఆరు కుర్చీలను చూశాం.

చూసి కూడా లెక్కచేయనివి ఇంకా ఉన్నాయి. సారు నీళ్లు తాగడం తగ్గించారు. "పేజీ టైంల మాటిమాటికి లేస్తే పనైతదా?" అనేవారు. తిండి మిర్చి బజ్జీలు, చాయ్, బిస్కెట్లు. కొన్ని రోజులు పొద్దున్నే ముఖం పాలిపోయి వచ్చి, మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడేవారు కారు. పొద్దంతా ఊళ్ల మీద పడి వార్తలు వెతికే మా కళ్లముందే ఒక వార్త ఎనిమిది నెలలు నిలబడి ఉంది.

నేను వెళ్లకుండా రాసిన వార్త

ఆ మధ్యలోనే గద్వాల దగ్గరి ఒక ఊళ్లో నాటు వైద్యుడొకాయన మొలలకు మందు వేస్తున్నాడని, జనం బాగా వెళ్తున్నారని ప్రకటనల ఏజెంటు చెప్పాడు. పేజీలో ఒక మూల ఖాళీగా ఉంది. ఆ వైద్యుడికి ఫోన్ చేశాను. ఆయన పది నిమిషాలు మాట్లాడాడు, నేను పది వాక్యాలు రాశాను. కోత లేదు, కుట్టు లేదు, ఒక్క పూటలో ఉపశమనం. నేను ఆ ఊరు వెళ్లలేదు. బాగైన మనిషిని ఒక్కణ్నీ అడగలేదు.

సారు దానిలో 'మొలలు' తీసేసి 'దీర్ఘకాలిక సమస్య' అని పెట్టారు. ఏ సమస్యో వార్తలో ఎక్కడా లేదు. అయితే ఫొటోలో వైద్యుడి ఇంటి ముందరి బోర్డు మీద పెద్దక్షరాల్లో ఉంది. ఫొటోకు సారు నియమం వర్తించదు. దాన్ని ఎర్ర పెన్నుతో దిద్దలేరు గనుక.

ఆ భాగాన్ని నీళ్లలో ఉంచండి

నాగర్‌కర్నూల్‌లో సర్కారు దవాఖాన సర్జన్ డాక్టర్ నస్రీన్ మాకు వారం వారం ఆరోగ్య వ్యాసం చెప్పేవారు. ఆమె ఫోన్లో చెబితే నేను రాసుకునేవాణ్ని. ఒక వారం ఆమే అన్నారు: "ఈసారి ఫిషర్ గురించి రాద్దాం యాదగిరి గారూ. ఓపీల రోజూ చూస్తున్న. అందరూ మొలలనుకొనే వస్తరు. నా దగ్గరికి వచ్చేసరికే ఏదేదో పూసుకొని, కాల్చుకొని ఉంటరు."

చక్కగా చెప్పారు. ఫిషర్ అంటే మలద్వారం అంచున పడే చిన్న చీలిక అని, మలం గట్టిపడితే వస్తుందని, తొందరగా చూపించుకుంటే చాలామందికి కోత లేకుండానే మానుతుందని. నేను ఒక్క మాట వదలకుండా రాసి సారు ముందు పెట్టాను.

ఆయన నిలబడి, చాలాసేపు చదివారు. మామూలు కంటే చాలా ఎక్కువసేపు. తర్వాత ఎర్ర పెన్ను తీసి 'మలద్వారం' ఉన్న ప్రతిచోటా 'ఆ భాగం' అని, 'మలం' ఉన్న ప్రతిచోటా 'అది' అని మార్చారు. ఫిషర్ అన్న మాటను కొట్టేశారు. మర్నాడు 'గోరువెచ్చటి నీటితో ఊరట' అన్న శీర్షిక కింద అచ్చయింది ఇది: "కొందరికి ఆ భాగంలో చిన్న చీలిక వస్తుంది. అది గట్టిగా ఉంటే చీలిక మానదు. రోజుకు రెండు మూడుసార్లు గోరువెచ్చటి నీళ్లలో ఆ భాగాన్ని పది, పదిహేను నిమిషాలు ఉంచాలి. రాత్రి ఇసబ్‌గోల్ పొడి వాడాలి."

పాఠకులు మంచివాళ్లు. పత్రిక చెప్పింది చేస్తారు. ఎవరికి ఎక్కడ నొప్పి ఉంటే ఆ భాగాన్ని నీళ్లలో పెట్టారు. బిజినేపల్లి నుంచి ఒక రిటైర్డ్ టీచరు ఫోన్ చేసి, వారం నుంచి మోచేయి నానబెడుతున్నానని, చాలా హాయిగా ఉందని చెప్పాడు. "ఇసబ్‌గోల్ పొడి గూడ మోచేతికే రాయాల్నా సార్, తాగాల్నా?" అని అడిగాడు. నాగర్‌కర్నూల్ బట్టల వ్యాపారి ఒకాయనకు తలనొప్పి. "అన్నా, పది నిమిషాలు తలకాయ నీళ్లల్ల పెడితే ఊపిరెట్ల దీసుకోవాలె?" అన్నాడు. పెట్టవద్దని బతిమాలాను. అప్పటికే రెండుసార్లు ప్రయత్నించాడట.

ఆ సాయంత్రం డాక్టరమ్మ ఫోన్ వచ్చింది. "యాదగిరి గారూ, నేను చెప్పిన రోగానికి ఇల్లు లేకుండ జేసిన్రు" అన్నారు. ఫోన్ పెట్టేశారు.

బావమరిది

తర్వాతి బుధవారం సారు నన్ను మెట్ల దగ్గరికి పిలిచారు. కింద లారీ నుంచి ఎరువుల బస్తాలు దింపుతున్నారు.

"యాదగిరీ, నువ్వు రాసినవ్ గదా, గా గద్వాల దిక్కు వైద్యుడు. ఆయన నంబరుందా?"

"ఎవరికి సార్?"

"మా బావమరిదికి. జర పరేషాన్‌ల ఉండు."

"ఏమైంది ఆయనకు?"

"ఏముంది... పొద్దుగాల పోయినప్పుడు గాజుపెంకుతోని గీరినట్టయితదట. అయినంక గూడ రెండు మూడు గంటలు కారం బెట్టినట్టు మంట. ఒక్కోసారి రెండు చుక్కల నెత్తురు. భయానికి రెండు దినాలకోసారి పోతుండట. ఇగ కూసుంటే జూడు..." అని ఆగిపోయారు. మెట్ల పక్క కమ్మీని గట్టిగా పట్టుకుని ఉన్నారు.

సారుకు ఒక్కడే బావమరిది. రెండేళ్ల కింద ఆయన చనిపోతే డెస్కంతా వెళ్లి పలకరించి వచ్చాం. ఆ సంగతి మా ఇద్దరికీ గుర్తుంది. ఇద్దరం గుర్తు లేనట్టే ఉన్నాం.

"శనివారం తీస్కపోత" అన్నారు సారు. "నువ్వు రాసినవంటే నమ్మకం. పైగా నేనే దిద్దిన."

ఏదేదో పూసుకొని, కాల్చుకొని వస్తారన్న డాక్టరమ్మ మాట చెవిలో మోగింది. నేను చూడకుండా రాసిన పది వాక్యాలు పట్టుకుని మా సారు ఎవరి చేతికో తనను అప్పగించుకోబోతున్నారు. నంబరు వెతికి ఇస్తానన్నాను. చేతిలో రెండు రోజులున్నాయి.

గద్వాల

మర్నాడు సెలవు పెట్టి, ఆ వార్త రాయకముందు చేయాల్సిన పని చేశాను. గద్వాల బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో ఆ ఊరు వెళ్లాను.

వైద్యుడి ఇంటి వసారాలో గోడకు మా వార్త కత్తిరింపు అద్దం కట్టించి వేలాడుతోంది. దాని పక్కన దేవుడి పటం. రెండింటికీ ఒకే దండ. గోడ వెంట పొడవాటి బెంచీ ఉంది. బెంచీ ఖాళీ. ఏడుగురు మనుషులు దాని ముందు నిలబడి ఉన్నారు. ఒక్క క్షణం మా డెస్కులోకే వచ్చానేమో అనుకున్నాను.

వైద్యుడు నన్ను ఎగాదిగా చూశాడు. "మీగ్గూడ ఉంది" అన్నాడు.

"నాకా?"

"ముఖం జూస్తనే తెలుస్తది."

"ఏం మందేస్తరు?"

"పసరు. జర మంట లేస్తది. మంట లేస్తనే పని జేస్తున్నట్టు."

"మొలలకా, ఫిషర్‌కా?"

"గవన్నీ ఇంగ్లీషు పేర్లు సార్. పేరేదైతేంది, జాగ ఒక్కటే గదా."

నిలబడ్డవాళ్లలో ఒకాయన గోడకు ఆనుకుని, ఒక కాలి మీద బరువేసి ఉన్నాడు. పేరు తిమ్మప్ప, మానవపాడు దిక్కు మిరప రైతు. మూడోసారి వచ్చాడట.

"మొదాల చిన్న మంటుండె. మందేసినంక పుండైంది, యప్పా" అన్నాడు. "మిరప కోతకొచ్చింది. చేన్ల వంగనీకె వస్తలేదు."

"మరి మళ్ల ఎందుకొచ్చినవ్?"

ఆయన గోడ మీది అద్దం వైపు చూపించాడు. "పేపర్ల పడ్డది గదన్నా. పేపరోళ్లు చూడకుంట రాస్తరా?"

నా ముప్పై ఏళ్లలో ఎంతోమందిని జవాబు లేని ప్రశ్నలు అడిగాను. నన్ను అలాంటి ప్రశ్న అడిగిన మనిషి ఈయన. ఆ వార్త రాసింది నేనేనని, చూడకుండానే రాశానని చెప్పాను. తిట్టలేదు. "అట్లనా" అన్నాడు, అంతే. ఆటోలో గద్వాల సర్కారు దవాఖానకు తీసుకెళ్లి, చీటీ రాయించి, సర్జన్ గది ముందు వరసలో నిలబెట్టాను. దారంతా ఆయన సీటు మీద చేతులు ఆనించి, ఒళ్లు పైకెత్తుకునే ఉన్నాడు.

అచ్చయింది గదా

శుక్రవారం సారు బల్ల దగ్గరికి వెళ్లాను.

"సార్, గద్వాల వైద్యుడి వార్త నేను పోకుండ, చూడకుండ రాసిన. అది తప్పు వార్త."

ఆయన పేజీ మీద నుంచి కళ్లెత్తలేదు. "అచ్చయింది గదా?"

"అయింది."

"నేను దిద్దిన గదా?"

"దిద్దిన్రు."

"మరి తప్పెట్లయితది?"

ఈ ప్రశ్నను ఎగతాళిగా తీసుకోకండి. ఆయన నిజంగానే అడిగారు. మా పని చేసేవాళ్లలో చాలామంది ఈ నమ్మకంతోనే రిటైరవుతారు. తిమ్మప్ప సంగతి మొత్తం చెప్పాను. సారు పెన్నుకు మూత పెట్టారు.

"అయితే మా బావమరిదిని..."

"సార్. మీ బావమరిదికి ఇగ ఏ నొప్పీ లేదు. మీ సంగతి జెప్పుండ్రి."

సారు పెన్ను జేబులో పెట్టుకుని, "నాగర్‌కర్నూల్‌ల డాక్టరు... లేడీ గదా" అన్నారు.

"సర్జన్ సార్. నా లెక్క చూడకుండ చెప్పే మనిషి కాదు."

శనివారం ఇద్దరం బస్సెక్కాం. సగం సీట్లు ఖాళీ. "పెద్దాయనా, జర కూసోరాదా" అని కండక్టర్ నాలుగుసార్లు అన్నాడు. "గిక్కడనే దిగుత" అంటూ మా సారు వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్ దాకా నిలబడే వచ్చారు. సంఘీభావంగా నేనూ నిలబడ్డాను. బిజినేపల్లి దాటాక నా నడుం ఒప్పుకోలేదు, కూర్చున్నాను.

ఎక్కడ?

డాక్టర్ నస్రీన్ అడిగినవి మేం రోజూ ఊళ్లో జనాన్ని అడిగే ప్రశ్నలే. ఎప్పటి నుంచి? ఎట్ల మొదలైంది? ఎంతసేపు ఉంటది? సారు జవాబులు ప్రెస్‌మీట్‌లో అధికారిలా ఇచ్చారు. పరిశీలిస్తున్నాం, కొంతకాలంగా, అంత తీవ్రం కాదు. చివరికి ఆమె అడిగారు:

"నొప్పి ఎక్కడ సార్?"

"ఆ భాగంలో."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టారు. "ఏ భాగం? మీ పేపర్ల ఆ భాగం అంటే బిజినేపల్లిల మోచేయి, నాగర్‌కర్నూల్‌ల తలకాయ. మీ వనపర్తిల ఏది?"

సారు నా వైపు చూశారు. నేను బీపీ మిషన్ వైపు చూశాను. ఆయన జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, ఓపీ చీటీ వెనక ఒక మాట రాసి ఆమె వైపు జరిపారు.

"చదువుండ్రి" అన్నారామె.

సారు గొంతు సవరించుకున్నారు. సంతాప సభలో పేరు చదివినట్టు చదివారు: "మలద్వారం."

డాక్టరమ్మ పైకప్పు వైపు చూశారు. నేనూ చూశాను. ఏమీ కూలలేదు. "అంతే సార్. రాండ్రి, చూస్త" అని కర్టెన్ వెనక్కి పిలిచారు. నేను బయటికి వచ్చాను.

తర్వాత ఆమె మా ఇద్దరికీ చెప్పింది ఇంకా గుర్తుంది. "గట్టి మలం పోయేటప్పుడు అంచు చీలింది. చీలితే నొప్పి. నొప్పికి లోపలి కండరం బిగుసుకుంటది. బిగిస్తే అక్కడికి నెత్తురు సరిగ రాదు, పుండు మానదు. మీరు భయానికి ఆపుకుంటరు. ఆపితే ఇంకా గట్టిపడతది, మళ్ల చీలుతది. ఈ చక్రం ఎక్కడో ఒకచోట తెంపాలె. మొలలంటే ఉబ్బిన రక్తనాళాలు. వాటికి చాలాసార్లు నొప్పే ఉండదు, నెత్తురు పడతది. నెత్తురు జూసి మొలలనో ఫిషరనో మీకు మీరే పేరు పెట్టుకోవద్దు. పేగుల పెద్ద జబ్బున్నా పడొచ్చు. చూపించుకోవాలె, అంతే."

"ఆపరేషనా?" అన్నారు సారు.

"ముందే ఎందుకు? పాతదైంది గాని, మందుతోటి చూద్దాం. ఆరు, ఎనిమిది వారాలు. మానకుంటే అప్పుడు ఇంజక్షన్ ఉంది, చిన్న ఆపరేషన్ ఉంది. ఇగ ఆ పసరు మాత్రం..." అని నా వైపు చూశారు.

తడిసిన ప్రూఫులు

ఆ వారాల్లో సారు చేసినవి చెబుతాను. ఎందుకంటే మన పని చేసేవాళ్లెవరికైనా రాగల జబ్బు ఇది. బజ్జీలు మానేశారు. జొన్నరొట్టె, పుంటికూర, తోటకూర, పండ్లు. పడుకునే ముందు నీళ్లలో ఇసబ్‌గోల్. రోజంతా నీళ్లు. దొడ్డికి వస్తే ఆపుకోకుండా వెళ్లడం, ముక్కకుండా ఉండడం, లోపలికి ఫోన్ తీసుకెళ్లకపోవడం. బిగిసిన కండరం వదులయ్యేందుకు డాక్టరమ్మ రాసిన పూత మందు. దానికి తలనొప్పి రావచ్చని ఆమె ముందే చెప్పారు. వచ్చింది. సారుకు అది ఊరట. తల బొడ్డుకు పైన ఉంటుంది గనుక, ఆ నొప్పి గురించి డెస్కంతటికీ విపులంగా చెప్పుకున్నారు.

ఇక టబ్బు. పొద్దున వెళ్లి వచ్చాక ఒకసారి, మధ్యాహ్నం ఇంటికెళ్లి ఇంకోసారి, గోరువెచ్చటి నీళ్లలో పావుగంట. పావుగంట వృథా చేయడం ఆయన వల్ల కాలేదు. ప్రూఫులు వెంట తీసుకెళ్లేవారు. మధ్యాహ్నం పేజీలు మూలలు తడిసి వచ్చేవి, ఎర్ర సిరా అలుక్కుపోయి ఉండేది.

"యాదన్నా, సారు ఏడుస్తుండా?" అంది భవాని.

"నీ పేజీ జూసి" అన్నాను.

సారు నీళ్ల సీసా బల్ల మీద పెట్టుకుని, అందరినీ తాగమని పోరడం మొదలుపెట్టాక భవాని ఒకరోజు కోపంగా అంది: "తాగితే యాడికి పోవాలె సార్? మన బాత్రూంకు గొళ్లెం లేదు. మండలాలకు పోయినప్పుడు అది గూడ లేదు. నేను పొద్దుగాల ఇంట్ల తాగితే మళ్ల ఇంటికి పోయినంకనే." ఏడాది నుంచి పక్కపక్కన పని చేస్తున్నాం. ఆ సంగతి మాలో ఎవరికీ తెలియదు. సారు అప్పటికప్పుడు కిందికి వెళ్లి, ఎరువుల దుకాణం దగ్గర ఉన్న వడ్రంగిని పట్టుకొచ్చి గొళ్లెం బిగించే దాకా పక్కనే నిలబడ్డారు. నేను చూసిన ఇన్‌ఛార్జులలో ఎవరి గురించైనా మంచి మాట చెప్పమంటే ఇదే చెబుతాను.

కుర్చీ

ఏడో వారం సారు ఒంటరిగా నాగర్‌కర్నూల్ వెళ్లి వచ్చారు. డాక్టరమ్మ ఏమన్నారో చెప్పలేదు. నేరుగా బల్ల దగ్గరికి వచ్చి రెండు కాగితాలు ముందు పెట్టారు.

మొదటిది గద్వాల వార్తకు సవరణ. ఆ వైద్యుడి గురించి మా పత్రిక చూడకుండా, విచారించకుండా రాసిందని, ఆ మందు వల్ల ఒక రైతుకు హాని జరిగిందని, పాఠకులు మన్నించాలని. మొదటి వార్త పడ్డ చోటే, అంతే జాగాలో వేయమన్నారు. కింద నా పేరుతో పాటు తన పేరూ రాశారు.

రెండోది డాక్టరమ్మ వ్యాసం. ఎక్కడా ఎర్ర సిరా లేదు. శీర్షిక మాత్రం సారు రాతలో ఉంది: 'మలద్వారంలో చీలిక: దాచుకోవద్దు, చూపించుకోండి'.

భవాని చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. "సార్... పొద్దుగాల చాయ తాగుకుంట చదువుతరు గదా."

"చదవనీ. చాయ తగ్గించి నీళ్లు తాగమని లోపల రాసే ఉంది" అన్నారు సారు. "అక్షరాలు జర పెద్దగ పెట్టు."

ఆ తర్వాత మాకు ఒక్క కోపపు ఉత్తరం వచ్చింది. బిజినేపల్లి టీచరు రాశాడు. పాత వ్యాసంతో తన మోచేయి బాగైందని, బాగున్నదాన్ని ఎందుకు మార్చారని. మిగతావన్నీ ఫోన్లు. డాక్టరమ్మ ఏ దినాలల్ల ఉంటది, మా దిక్కు ఎవరికి చూపించుకోవాలె అని. అందరూ బావమరిది కోసమే అడిగారు. మూడు జిల్లాల్లో ఇంతమంది బావమరుదులు కూర్చోలేకుండా ఉన్నారని మాకు అంతవరకు తెలియదు.

తిమ్మప్పకు మందుతో మానలేదు. పసరు చేసిన పుండు వల్ల ఆపరేషన్ కావాల్సి వచ్చింది. ఇప్పుడు బాగున్నాడు, కానీ ఆ ఏడు మిరప కోతకు చేనులో దిగలేకపోయాడు. సవరణ అచ్చయిన పేపరు నేనే తీసుకెళ్లి ఇచ్చాను. చదివి, మడిచి, "ఈసారి చూసి రాసినట్టున్నరు" అన్నాడు. నా ఉద్యోగంలో నాకు దొరికిన మెప్పు అదే. దాన్ని ఎలా సంపాదించానో తలుచుకుంటే గర్వపడడానికి వీల్లేదు.

ఆ పేజీ వెళ్లాల్సిన సాయంత్రం జరిగింది చెప్పి ముగిస్తాను. సారు ఆఖరి ప్రూఫు చూస్తూ మధ్యలో ఆగారు. కుర్చీ దగ్గరికి వెళ్లి హెల్మెట్ తీసి కిందపెట్టారు. పాత పేపర్ల కట్టలు దించారు. నిఘంటువు తీసి బల్ల మీద పెట్టారు. చేతిరుమాలుతో దుమ్ము దులిపారు. రెండు చేతులతో బల్ల పట్టుకుని, మెల్లగా, చాలా మెల్లగా దిగి, కూర్చున్నారు. ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు. ఏమీ కాలేదు. కళ్లు తెరిచారు. బల్ల ఇటుకల మీద ఉంది గనుక అది ఆయన గడ్డం దాకా వచ్చింది. పేజీ వెనక నుంచి ఆయన తల మాత్రమే కనిపిస్తోంది.

గదిలో అందరం నిలబడి చూస్తున్నాం.

"ఏంది చూస్తున్నరు? పేజీ పంపుండ్రి" అన్నారు.

ఎవరూ కదల్లేదు. అర ఏడాదికి పైగా నిలబడి ఉన్న భవాని అప్పుడు చెయ్యెత్తి అడిగింది:

"సార్, మేం గూడ కూసోవచ్చా?"